కంటికి నొప్పి లేకుండా చేసిన కార్ల్ కోలర్: వియన్నా వదులుకున్న వైద్యుడు

శుక్లం ఆపరేషన్ అంటే ఈ రోజు పెద్దగా ఎవరూ భయపడరు. కంట్లో నాలుగు చుక్కలు వేస్తారు, లేదంటే కంటి పక్కన ఓ ఇంజెక్షన్ ఇస్తారు. బల్ల మీద పడుకున్న మనిషికి మెలకువ ఉంటుంది, డాక్టర్ మాట వినిపిస్తుంది, కానీ కంటి మీద కత్తి నడుస్తున్న సంగతి తెలియదు. కాసేపటికే లేచి కూర్చుంటారు. మన దేశంలో ఏటా లక్షల మంది ఇలాగే చూపు తిరిగి తెచ్చుకుంటున్నారు. కార్పొరేట్ ఆసుపత్రి అయినా, స్వచ్ఛంద సంస్థ నడిపే ఉచిత ఆసుపత్రి అయినా మూలసూత్రం ఒక్కటే. మనిషిని నిద్రపుచ్చక్కర్లేదు, కంటిని మాత్రం మొద్దుబారిస్తే చాలు.

ఈ సూత్రాన్ని 1884లో ప్రపంచానికి అందించింది వియన్నాలోని 26 ఏళ్ల జూనియర్ డాక్టర్ కార్ల్ కోలర్. ఒక్క నెలలోనే ఆయన పేరు యూరప్, అమెరికాల్లోని కంటి వైద్యులందరికీ తెలిసింది. అయితే ఆయన జీవితంలో కోరుకున్నది పేరు కాదు. వియన్నా కంటి విభాగంలో ఒక అసిస్టెంట్ ఉద్యోగం. ఆయన కనుగొన్నదాన్ని వియన్నా వాడుకుంది. ఆయన్ను మాత్రం ఉండనివ్వలేదు. ఏడాది తిరగకుండానే కోలర్ ఆ నగరం విడిచి వెళ్లాల్సి వచ్చింది. చివరికి న్యూయార్క్‌లో వలస వైద్యుడిగా స్థిరపడి, అక్కడే కన్నుమూశారు.

కత్తి కింద కన్ను

కోలర్ చేసిన పని విలువ తెలియాలంటే అంతకుముందు కంటి ఆపరేషన్ ఎలా జరిగేదో చూడాలి. కంటి ముందు భాగంలో అద్దంలా ఉండే కార్నియా మన శరీరంలో అతి సున్నితమైన భాగాల్లో ఒకటి. చిన్న నలుసు పడితేనే ప్రాణం విలవిల్లాడుతుంది. అలాంటి చోట కత్తి పెట్టి కోయాలి. రోగిని ఇద్దరు ముగ్గురు గట్టిగా పట్టుకునేవారు. రోగి ఒక్కసారి తల విదిల్చినా, కన్ను తిప్పినా కత్తి దారి తప్పేది. పోయిన చూపు కోసం వచ్చి, ఉన్న కన్నే పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. భారతదేశంలో సుశ్రుతుడి కాలం నుంచి వస్తున్న పద్ధతిలో శుక్లాన్ని సూదితో పక్కకు నెట్టేవారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ డావియెల్ శుక్లాన్ని బయటికి తీసే పద్ధతి ప్రవేశపెట్టారు. రెండింటిలోనూ రోగి పడే బాధ మాత్రం తప్పలేదు.

1846లో ఈథర్, ఆ మరుసటి ఏడాది క్లోరోఫామ్ వచ్చి శస్త్రచికిత్సను మార్చేశాయి. కాళ్లూ చేతులూ కోసే వైద్యులకు అవి వరం. కంటి వైద్యులకు అంతగా పనికిరాలేదు. ఈథర్ పీల్చిన రోగి మెలకువ వచ్చేటప్పుడు దగ్గేవాడు, వాంతులు చేసుకునేవాడు. అప్పట్లో కంటి కోతకు కుట్లు వేసే అలవాటు పెద్దగా లేదు. కట్టు కట్టి, రోగిని రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. ఒక్క వాంతితో వచ్చే ఒత్తిడికి కోత విచ్చుకుని కంటి లోపలి పదార్థం బయటికి వచ్చేసేది. పైగా ఆపరేషన్ సమయంలో రోగి డాక్టర్ చెప్పిన వైపు చూడాలి. నిద్రలో ఉన్న మనిషికి ఆ మాట ఎవరు చెప్పగలరు? అందుకే మత్తుమందు వచ్చి నాలుగు దశాబ్దాలు గడుస్తున్నా చాలామంది కంటి వైద్యులు ఏ మత్తూ లేకుండానే కత్తి పట్టేవారు.

బొహీమియా నుంచి వియన్నాకు

కార్ల్ కోలర్ 1857 డిసెంబరు 3న బొహీమియాలోని షూటెన్‌హోఫెన్‌లో పుట్టారు. అప్పట్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యంలోని చిన్న పట్టణం. ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో సుషిత్సె అనే పేరుతో ఉంది. యూదు కుటుంబం. తండ్రి వ్యాపారి. చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. తర్వాత తండ్రి పిల్లలతో వియన్నా చేరారు. అది యూదు కుటుంబాలు ఊళ్ల నుంచి రాజధానికి తరలివస్తున్న కాలం. 1867లో సామ్రాజ్యంలో యూదులకు సమాన పౌరహక్కులు దక్కాయి. చదువుకుంటే తలుపులు తెరుచుకుంటాయన్న నమ్మకం ఆ తరంలో బలంగా ఉండేది.

వియన్నా విశ్వవిద్యాలయంలో కోలర్ వైద్యం చదివి 1882లో పట్టా పుచ్చుకున్నారు. విద్యార్థిగా ఉండగానే సలోమోన్ స్ట్రికర్ నడిపే ప్రయోగాత్మక పాథాలజీ సంస్థలో పరిశోధన చేశారు. కోడి పిండం ఎదుగుదల మీద ఆయన చేసిన పనికి మంచి పేరు వచ్చింది. ప్రయోగశాలలో జంతువుల మీద పరీక్షలు చేయడం, చూసినదాన్ని జాగ్రత్తగా రాసిపెట్టుకోవడం అక్కడే అలవాటయ్యాయి. ఆ అలవాటు తర్వాత ఆయనకు అక్కరకొచ్చింది.

మనసు మాత్రం కంటి వైద్యం మీదే ఉండేది. వియన్నాలో ఆ విభాగానికి పెద్ద దిక్కు ఫెర్డినాండ్ ఫాన్ ఆర్ల్ట్. కంటిని మాత్రమే మొద్దుబార్చే మందు దొరికితే తప్ప తమ శాస్త్రం ముందుకు పోదన్న సంగతి ఆయన బోధనలో కోలర్ తలకెక్కించుకున్నారు. అసిస్టెంట్ ఉద్యోగానికి పోటీ తీవ్రంగా ఉండేది. ఆస్తీ, పలుకుబడీ లేని కుర్రాడికి ఆ ఉద్యోగం రావాలంటే అందరి దృష్టీ పడే పని ఏదో చేసి చూపించాలి. కోలర్ పని మొదలుపెట్టారు. మార్ఫిన్, క్లోరల్ హైడ్రేట్, బ్రోమైడ్ ద్రావణాలను జంతువుల కళ్లలో వేసి చూశారు. ఏదీ పనిచేయలేదు. ప్రయత్నం పక్కన పెట్టినా ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది.

ఫ్రాయిడ్ తెచ్చిన తెల్లపొడి

వియన్నా జనరల్ ఆసుపత్రిలో కోలర్‌తోపాటే పనిచేస్తున్న యువ వైద్యుల్లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఒకరు. కోలర్ కంటే ఏడాదిన్నర పెద్ద. ఆయనదీ చెక్ ప్రాంతం నుంచి వచ్చిన యూదు కుటుంబమే, ఆయనకూ డబ్బు ఇబ్బందులే. మనోవిశ్లేషణ ఊసు అప్పటికి లేదు. నాడీ వ్యవస్థ మీద పరిశోధన చేస్తూ, పేరు తెచ్చిపెట్టే విషయం కోసం వెతుకుతున్న రోజులవి. పేరు వస్తే ప్రాక్టీసు వస్తుంది, ప్రాక్టీసు వస్తే హాంబర్గ్ దగ్గర ఎదురుచూస్తున్న మార్తా బెర్నాయ్స్‌తో పెళ్లి జరుగుతుంది.

1884లో ఆయన దృష్టి కొకైన్ మీద పడింది. దక్షిణ అమెరికా కోకా ఆకు నుంచి ఈ పదార్థాన్ని గటింగెన్‌కు చెందిన ఆల్బర్ట్ నీమన్ అప్పటికి పాతికేళ్ల కిందటే వేరుచేశారు. అలసట పోగొడుతుందని, దిగులు తగ్గిస్తుందని, మార్ఫిన్ వ్యసనాన్ని మాన్పిస్తుందని ఫ్రాయిడ్ నమ్మారు. ఆ ఏడాది జులైలో కోకా మీద సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. మొద్దుబార్చే గుణం వల్ల ఇంకేమైనా ఉపయోగాలు ఉండొచ్చని దాని చివర్లో ఒక మాట మాత్రం అన్నారు. కోలర్‌ను కూడా తన ప్రయోగాల్లో కలుపుకున్నారు. కొకైన్ మింగితే కండరాల బలం ఎలా మారుతుందో ఇద్దరూ పరికరంతో కొలిచి చూసేవారు.

నాలుక మీద పెట్టుకుంటే తిమ్మిరి ఎక్కుతుందన్నది కొత్త సంగతి కాదు. నీమనే దాన్ని గమనించారు. తర్వాత మరో ఇద్దరు ముగ్గురు పరిశోధకులు రాశారు. కొకైన్ రుచి చూసిన ప్రతి ఒక్కరికీ అనుభవమే. ఆ వేసవిలో ఒకనాడు ఓ సహోద్యోగి చాకు మొన మీద కాస్త కొకైన్ తీసుకుని నాలుకకు రాసుకుని, నాలుక మొద్దుబారిపోయిందన్నారు. కోలర్ ఆ తిమ్మిరిని అంతకుముందే చవిచూశారు. కానీ ఆ క్షణంలో పాత ప్రశ్నకు, ఈ పొడికి మధ్య లంకె దొరికింది. నాలుకను మొద్దుబార్చేది కంటిని ఎందుకు మొద్దుబార్చదు?

కప్ప కన్ను, కుక్క కన్ను, తమ కన్ను

కోలర్ నేరుగా స్ట్రికర్ ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ అసిస్టెంట్‌గా ఉన్న గుస్తావ్ గార్ట్‌నర్ ఆ రోజు జరిగింది చాలా ఏళ్ల తర్వాత రాసిపెట్టారు. కోలర్ చిన్న సీసాలోంచి కొద్దిగా తెల్లపొడి తీసి నీటిలో కలిపారు. ఒక కప్ప కంట్లో ఆ నీటిచుక్క వేశారు. సూదితో కార్నియాను తాకి చూస్తూ పోయారు. మొదట్లో సూది తగలగానే కప్ప కన్ను ముడుచుకుంది. ఒక నిమిషం గడిచాక తాకినా, గీరినా కదలలేదు. మందు వేయని రెండో కన్ను మాత్రం ఎప్పటిలాగే బెదిరింది.

తర్వాత కుందేలు, ఆ తర్వాత కుక్క. ఫలితం మారలేదు. ఇక మిగిలింది మనిషి. ఇద్దరూ ఒకరి కంట్లో ఒకరు చుక్కలు వేసుకున్నారు. అద్దం ముందు నిలబడి గుండుసూది తలకాయతో కంటిని నొక్కి చూసుకున్నారు. ఏమీ తెలియలేదు. ఇదంతా ఒక్క పూటలో తేలిపోయింది. ఏళ్ల తరబడి వెతికినవాడికి మాత్రమే ఆ ఒక్క పూట ఎంత విలువైనదో తెలుసు.

నరాల గుండా నొప్పి కబురు మెదడుకు చేరాలంటే నరాల పొరలోని సన్నటి దారుల నుంచి సోడియం కణాలు లోపలికి రావాలి. కొకైన్ ఆ దారులను మూసేస్తుంది. కబురు ఆగిపోతుంది. పైగా అది రక్తనాళాలను కుంచించి రక్తస్రావం తగ్గిస్తుంది, కంటిపాపను పెద్దది చేస్తుంది. సోడియం దారుల సంగతి తేలడానికి ఇంకో డెబ్భై ఏళ్లు పట్టింది. కోలర్‌కు అప్పుడు తెలిసింది దాని ఫలితం మాత్రమే. ఆపరేషన్‌కు అది చాలు. సెప్టెంబరులో రోగుల మీద వాడి చూశారు. మత్తు లేకుండా, అరుపు లేకుండా కంటికి కత్తి పడింది.

రైలు టికెట్‌కు డబ్బుల్లేక

సెప్టెంబరు 15న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కంటి వైద్యుల సమావేశం జరగబోతోంది. లోకానికి చెప్పడానికి అంతకంటే మంచి వేదిక లేదు. కానీ వియన్నా నుంచి అక్కడికి వెళ్లిరావడానికి కోలర్ దగ్గర డబ్బు లేదు. త్రియెస్తె నుంచి సమావేశానికి వెళ్తున్న యోసెఫ్ బ్రెటావర్ అనే వైద్యుడి చేతికి తన పత్రాన్ని, కాస్త మందును ఇచ్చి పంపారు. బ్రెటావర్ అక్కడ పత్రం చదివారు. తర్వాత అందరి ఎదుట ఒక రోగి కంట్లో చుక్కలు వేసి చూపించారు. యూరప్‌లోని పేరున్న కంటి వైద్యులు కళ్లప్పగించి చూశారు.

ఆ సభలో న్యూయార్క్‌కు చెందిన హెన్రీ నోయెస్ ఉన్నారు. ఆయన చూసింది చూసినట్టు రాసి పంపగా, అక్టోబరు 11న అమెరికా వైద్య పత్రిక ఒకటి దాన్ని అచ్చువేసింది. కోలర్ స్వయంగా వియన్నా వైద్యుల సంఘం ముందు తన పరిశోధన చదివేసరికి తేదీ అక్టోబరు 17. అంటే సొంత ఊళ్లో గొంతు విప్పేలోపే అట్లాంటిక్ అవతల ఆయన మందు వాడకంలోకి వచ్చేసింది. టెలిఫోన్లు కూడా సరిగ్గా లేని ఆ రోజుల్లో ఒక వైద్య ఆవిష్కరణ ఇంత వేగంగా పాకడం అరుదు. ముక్కు, గొంతు, పళ్ల వైద్యులు కూడా వెంటనే అందిపుచ్చుకున్నారు. మనిషిని మొత్తంగా నిద్రపుచ్చకుండా ఒక్క భాగాన్నే మొద్దుబార్చవచ్చన్న ఆలోచన, అంటే లోకల్ అనస్థీషియా, అక్కడి నుంచే శస్త్రచికిత్సలో స్థిరపడింది.

ఘనత ఎవరిది?

ఈ కథలో తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది. మందును తెచ్చింది ఫ్రాయిడ్ కదా, మరి పేరు కోలర్‌కు ఎందుకు? ఆ సెప్టెంబరులో ఫ్రాయిడ్ వియన్నాలో లేరు. మార్తాను చూడటానికి హాంబర్గ్ దగ్గరి వాండ్స్‌బెక్ వెళ్లారు. వెళ్లే ముందు తన మిత్రుడు, కంటి వైద్యుడు లియోపోల్డ్ కోనిగ్‌స్టైన్‌కు కంటి జబ్బుల్లో కొకైన్ పనికొస్తుందేమో చూడమని చెప్పారు. తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. దశాబ్దాల తర్వాత ఆత్మకథలాంటి రచనలో ఫ్రాయిడ్ ఈ సంగతి తలుచుకుంటూ, పేరు చేజారడానికి కాబోయే భార్యను చూడాలన్న తొందరే కారణమన్నట్టు రాశారు. అయితే కంటికి మత్తుమందుగా కనిపెట్టినవాడు కోలరేనని ఆయన ఒప్పుకున్నారు.

కోనిగ్‌స్టైన్ కూడా సొంతంగా ప్రయోగాలు చేశారు. అక్టోబరు 17 సభలోనే ఆయన కూడా మాట్లాడారు. ముందు చేసినవాడు కోలర్ అన్న సంగతి తన పత్రంలో చెప్పకుండా వదిలేయబోతే ఫ్రాయిడ్, యూలియస్ వాగ్నర్-యౌరెగ్ కలిసి నచ్చజెప్పారు. కోనిగ్‌స్టైన్ సరిదిద్దుకున్నారు. వియన్నా వైద్యుల మధ్య అసూయలకు కొదవ లేని ఆ రోజుల్లో ఇది చెప్పుకోదగ్గ మర్యాదే. కొన్నాళ్లకు ఫ్రాయిడ్ తన మిత్రుడికి సరదాగా కోకా కోలర్ అని పేరు కూడా పెట్టారు.

1885 ఏప్రిల్‌లో వీళ్లు ముగ్గురూ ఒకే గదిలో కలిశారు. ఫ్రాయిడ్ తండ్రి యాకోబ్‌కు ఒక కన్ను మసకబారుతోంది. అది గ్లకోమా అని కోలర్ గుర్తుపట్టారు. కోనిగ్‌స్టైన్ ఆపరేషన్ చేశారు, కోలర్ కొకైన్ చుక్కలు వేశారు, ఫ్రాయిడ్ సాయం చేశారు. కొకైన్‌ను కంటి దాకా తేవడంలో భాగమున్న ముగ్గురూ ఒక్కచోట ఉన్నారన్న సంగతి కోలరే ఆ గదిలో గుర్తుచేశారు. అయితే అప్పటికే వియన్నాలో ఆయన రోజులు దగ్గరపడ్డాయి.

ఒక తిట్టు, ఒక చెంపదెబ్బ

1885 జనవరి మొదటి వారంలో ఆసుపత్రి అత్యవసర విభాగంలో కోలర్ డ్యూటీలో ఉన్నారు. వేలికి దెబ్బ తగిలిన రోగి ఒకరు వచ్చారు. వేలి చుట్టూ రబ్బరు పట్టీ బిగుతుగా కట్టి ఉంది. రక్తం ఆడక వేలు కుళ్లిపోయే ప్రమాదం ఉందని కోలర్ పట్టీ వదులు చేశారు. ప్రఖ్యాత సర్జన్ బిల్‌రోత్ విభాగంలో పనిచేసే ఫ్రిట్జ్ జిన్నర్ అనే డాక్టర్ అడ్డుపడ్డారు. రోగి తమ విభాగానికి చెందుతాడన్నది ఆయన వాదన. మాటా మాటా పెరిగింది. చివరికి జిన్నర్ అందరి ముందూ కోలర్‌ను యూదుడని నీచంగా తిట్టారు. కోలర్ ఆయన ముఖం మీద కొట్టారు.

ఇద్దరూ సైన్యంలో రిజర్వ్ ఆఫీసర్లు. ఆనాటి కట్టుబాటు ప్రకారం ఇలాంటి తగవు కత్తులతోనే తేలాలి. సైనిక బ్యారక్‌లో ఇద్దరూ కత్తులు దూశారు. జిన్నర్‌కు తల మీద, చేతి మీద గాయాలయ్యాయి. కోలర్‌కు ఒక్క గీత కూడా పడలేదు. ఫ్రాయిడ్ సహా యూదు వైద్యులు లోలోపల గర్వపడ్డారు. కానీ ద్వంద్వయుద్ధం చట్టప్రకారం నేరం. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి. కోలర్ తల వంచుకుని పోయే మనిషి కాదని, పై అధికారుల ముందూ మాట దాచుకోరని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. యూదుడు అయి, పైగా తిరగబడ్డ యూదుడు అయ్యాక అసిస్టెంట్ ఉద్యోగం ఇక రాదు.

ఆ తిట్టు ఒక్క డాక్టర్ నోటి నుంచి ఊరికే ఊడిపడలేదు. బిల్‌రోత్ అంతటి శాస్త్రవేత్త 1870లలో రాసిన పుస్తకంలోనే తూర్పు ప్రాంతాల నుంచి వైద్యం చదవడానికి వచ్చే పేద యూదు విద్యార్థులను కించపరిచారు. దాని మీద వియన్నా విశ్వవిద్యాలయంలో పెద్ద గొడవే జరిగింది. బిల్‌రోత్ తర్వాతి కాలంలో యూదు వ్యతిరేకతను ఎదిరించే సంఘంలో చేరారు. కానీ నాటిన విత్తనం మొలకెత్తింది. చట్టం సమానమన్నా, నియామకాల దగ్గర ఎవరి పేరు పక్కకు జరుగుతుందో అందరికీ తెలిసిన రహస్యమే. ప్రతిభ ఒక్కటే చాలదని చెప్పడానికి కోలర్ కంటే మంచి ఉదాహరణ ఆ నగరంలో దొరకదు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది ఆ దశాబ్దంలో కంటి వైద్యం చూసిన అతిపెద్ద ఆవిష్కరణ.

ఊట్రెక్ట్ మీదుగా న్యూయార్క్‌కు

కోలర్ వియన్నా విడిచి నెదర్లాండ్స్‌లోని ఊట్రెక్ట్ చేరారు. కంటి వైద్యంలో అది మరో పెద్ద కేంద్రం. అక్కడ డాండర్స్, హెర్మన్ స్నెల్లెన్ వంటి ఉద్దండులు ఉన్నారు. కంటి పరీక్షకు వెళ్తే గోడ మీద పెద్దవి నుంచి చిన్నవి దాకా వరుసలుగా అక్షరాలున్న పట్టిక చదివిస్తారే, 1862లో దాన్ని రూపొందించింది ఈ స్నెల్లెనే. ఆయన దగ్గర కోలర్ దాదాపు రెండేళ్లు పనిచేశారు. పుట్టుకను కాకుండా పనిని చూసి గౌరవించిన చోటు అది. అయినా శాశ్వతంగా ఉండిపోయే వీలు కుదరలేదు.

1888లో ఆయన న్యూయార్క్‌లో దిగారు. వయసు ముప్పై. నాలుగేళ్ల కిందటే ఆయన పేరు వైద్య పత్రికల్లో మోగిన నగరమది. అయినా కొత్త దేశం, కొత్త భాష, కొత్తగా మొదలుపెట్టాల్సిన ప్రాక్టీసు. సొంతంగా వైద్యం చేస్తూనే మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో కంటి సర్జన్‌గా చేరారు. ఆ ఆసుపత్రి పుట్టుకలోనే ఒక కథ ఉంది. న్యూయార్క్ యూదులు 1852లో యూదుల ఆసుపత్రి అనే పేరుతోనే దాన్ని స్థాపించారు. తర్వాత అందరికీ తలుపులు తెరిచి పేరు మార్చుకుంది. తమవాళ్లకు మరోచోట చోటు దొరకనప్పుడు సొంతంగా కట్టుకున్న చోటు అది. వియన్నా కాదన్న వైద్యుడికి అదే నీడ అయింది.

రష్యా సామ్రాజ్యంలో దాడులు మొదలయ్యాక 1881 నుంచి తూర్పు యూరప్ యూదులు వేల సంఖ్యలో న్యూయార్క్‌కు వస్తున్న కాలమది. ఇరుకు గదుల్లో, మసక వెలుతురులో బట్టలు కుట్టి బతికే ఆ జనానికి కన్నే జీవనాధారం. 1892లో ఎల్లిస్ ఐలాండ్ తెరిచాక కన్ను వలసదారుల తలరాతను కూడా తేల్చడం మొదలుపెట్టింది. ట్రకోమా అనే అంటుజబ్బును 1897లో ప్రమాదకరమైన రోగాల్లో చేర్చారు. ఓడ దిగినవాళ్ల కనురెప్పలను వైద్యులు తిరగేసి చూసేవారు. జబ్బు కనిపిస్తే దేశంలోకి రానిచ్చేవారు కాదు, వెనక్కి పంపేసేవారు. అలాంటి నగరంలో ఒక వలస కంటి వైద్యుడు దశాబ్దాల పాటు రోగులను చూశారు.

1893లో లారా బ్లమ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత కోలర్ మరో సంచలనం సృష్టించలేదు. పెద్ద ప్రయోగశాల లేదు, విశ్వవిద్యాలయ పీఠం లేదు. రోజూ రోగులు, ఆపరేషన్లు, ఆసుపత్రి. వియన్నా ఆ ఉద్యోగం ఇచ్చి ఉంటే, స్ట్రికర్ ప్రయోగశాలలో పిండాల నుంచి కొకైన్ దాకా మెరుపులా వచ్చిన ఆ చూపు ఇంకేం కనుగొనేదో ఎవరూ చెప్పలేరు. ఆ నష్టాన్ని లెక్కగట్టే తూకం లేదు.

మందుకు రెండో ముఖం

కొకైన్ కథ అక్కడితో ఆగలేదు. న్యూయార్క్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్, ఆయన సహచరులు నరాల దగ్గర కొకైన్‌ను సూదితో ఎక్కించి పెద్ద భాగాలను కూడా మొద్దుబార్చవచ్చని కనుగొన్నారు. తమ మీదే ప్రయోగాలు చేసుకున్నారు. దానికి బానిసలయ్యారు. హాల్‌స్టెడ్ జీవితాంతం మత్తు పదార్థాలతో పోరాడుతూనే ఉన్నారు. వియన్నాలో ఫ్రాయిడ్ కొకైన్‌తో మార్ఫిన్ మాన్పించాలని చూసిన మిత్రుడు ఎర్నెస్ట్ ఫాన్ ఫ్లైష్ల్ రెండు వ్యసనాల పాలై 1891లో కన్నుమూశారు. మోతాదు తెలియక ఆపరేషన్ బల్ల మీద పోయిన ప్రాణాలూ ఉన్నాయి. కంటిలో కూడా కొకైన్ ఎక్కువసేపు ఉంటే కార్నియా పైపొర దెబ్బతింటుందని తేలింది.

కోలర్ కనుగొన్నది, ఫ్రాయిడ్ ఆశించినది ఒకే పొడి నుంచి వచ్చినా ఒకటి కాదు. ఫ్రాయిడ్ ఆ పొడిలో దిగులుకు మందు చూశారు, అది తప్పని తేలింది. కోలర్ ఒక చిన్న ప్రశ్నకు చిన్న జవాబు చూశారు, అది నిలబడింది. మందు మారినా సూత్రం మారలేదు. జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ 20వ శతాబ్దం మొదట్లో తయారుచేసిన నోవోకెయిన్, 1940లలో వచ్చిన లిగ్నోకెయిన్ క్రమంగా కొకైన్ స్థానాన్ని తీసుకున్నాయి. మన దగ్గర పంటి డాక్టర్ ఇచ్చే ఇంజెక్షన్, కుట్లు వేసే ముందు ఇచ్చే ఇంజెక్షన్, సిజేరియన్ కోసం వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్, శుక్లానికి వేసే చుక్కలు అన్నీ ఆ కుటుంబంలోవే. వాటి పేర్ల చివర వినిపించే కెయిన్ అనే ముక్క కొకైన్ నుంచి మిగిలిన గుర్తు.

శుక్లం ఎక్కువగా వచ్చేది వృద్ధులకు. వాళ్లలో చాలామందికి గుండె జబ్బో, షుగరో, రక్తపోటో ఉంటుంది. పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే ప్రతి ఒక్కరికీ మత్తు డాక్టర్, పరికరాలు, గంటల తరబడి పడక కావాలి. అలాగైతే మనలాంటి దేశాల్లో ఒకే రోజు వందల మందికి శుక్లం తీయడం ఊహకు కూడా అందేది కాదు. పేదవాడికి చూపు తక్కువ ఖర్చుతో దొరుకుతోందంటే అందులో 1884 నాటి ఆ చుక్కకు వాటా ఉంది.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

వయసు మీదపడ్డాక గౌరవాలు ఒక్కొక్కటే వచ్చాయి. అమెరికా కంటి వైద్యుల సంఘం 1922లో లూసియన్ హౌ పతకాన్ని తొలిసారిగా కోలర్‌కే ఇచ్చింది. నోబెల్ బహుమతి మాత్రం రాలేదు. ఒక్క ఆవిష్కరణకే పరిమితమైన పేరు అనే మాట ఆయన వెంట నీడలా నడిచింది. కానీ ఆ ఒక్కటీ ఎన్ని కోట్ల కళ్లను తాకిందో లెక్కపెట్టేవాళ్లు లేరు.

1938లో హిట్లర్ సేనలు వియన్నాలో అడుగుపెట్టాయి. విశ్వవిద్యాలయ వైద్య విభాగంలో సగానికి పైగా అధ్యాపకులను, ముఖ్యంగా యూదులను, రోజుల్లోనే తొలగించారు. 82 ఏళ్ల ఫ్రాయిడ్ క్యాన్సర్‌తో బాధపడుతూ లండన్‌కు తరలిపోయారు. యాభై మూడేళ్ల కిందట అత్యవసర విభాగంలో ఒక డాక్టర్ నోట వినిపించిన తిట్టు ఇప్పుడు ప్రభుత్వ విధానమైంది. ఒకప్పుడు ఒకే ఆసుపత్రిలో పనిచేసిన ఆ ఇద్దరు మిత్రులనూ వియన్నా చివరికి వలసదారులనే చేసింది. ఒకరిని 27 ఏళ్లకు, మరొకరిని 82 ఏళ్లకు.

కార్ల్ కోలర్ 1944 మార్చి 21న న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 86. ఫ్రాయిడ్ రాసిన ఉత్తరాలు సహా తండ్రి దాచుకున్న కాగితాల ఆధారంగా కూతురు హార్టెన్స్ కోలర్ బెకర్ 1963లో ఆయన కథను వివరంగా ప్రచురించారు. కంటి ఆపరేషన్‌కు వెళ్లే రోగుల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. కంట్లో చుక్క పడ్డాక నొప్పి ఎందుకు తెలియలేదని ఎవరూ అడగరు, ఎందుకంటే నొప్పి లేకపోవడమే ఇప్పుడు మామూలు సంగతి.